విప్పేముందు చూడండి

పొద్దున్నే బండి తీశారు. ఇరవై ఏళ్లు దాటిన క్వాలిస్. క్లచ్ నొక్కి రివర్స్ వేయబోతే గర్రుమంది. గట్టిగా లాగితే ఎలాగో పడింది. వారం తిరిగేసరికి ఫస్ట్ గేరు కూడా మొరాయించింది. ఈలోపు సలహాలు మొదలయ్యాయి. ఎదురింటాయన “క్లచ్ ప్లేటు అరిగిపోయింది, మార్చేయండి” అన్నాడు. బావమరిది “గేర్‌బాక్సే పోయింది బావా, ఈ బండి అమ్మెయ్” అన్నాడు. షెడ్డు మేస్త్రీ బానెట్టయినా ఎత్తకుండా “గేర్‌బాక్సు దించాలి సార్, రెండ్రోజులు వదిలెయ్యండి” అన్నాడు. ముగ్గురూ ఢంకా బజాయించి చెప్పారు. ఒక్కరూ వంగి చూడలేదు.

మన డబ్బూ, సమయమూ, కొన్నిసార్లు మనుషులతో సంబంధాలూ పాడయ్యేది సరిగ్గా ఇక్కడే. కష్టం కనిపించగానే తీర్పు చెప్పేస్తాం. ఆ తీర్పు తప్పయితే తప్పని తేల్చగల చిన్న పరీక్ష ఒకటి మధ్యలో పెట్టం. ఆ పరీక్ష పెట్టుకునే అలవాటు ఉపన్యాసాలు వింటే రాదు. చేతులకు మసి అంటితే వస్తుంది. కాబట్టి కాసేపు బానెట్ ఎత్తుదాం.

క్వాలిస్ మన దేశంలోకి 2000లో వచ్చింది. 2005లో ఇన్నోవాకు చోటిచ్చి తప్పుకుంది. అయినా మన ఊళ్లలో పెళ్లిళ్లకూ తిరుపతి ప్రయాణాలకూ ఇంకా కనిపిస్తూనే ఉంది. దాని క్లచ్‌కు కేబుల్ ఉండదు. పెడల్ నొక్కితే వెనకున్న కడ్డీ మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ను తోస్తుంది. ఆ ఒత్తిడి బ్రేక్ ఆయిల్ మీదుగా సన్నటి పైపులోంచి, రబ్బరు హోస్‌లోంచి, గేర్‌బాక్సు పక్కన బిగించిన స్లేవ్ సిలిండర్‌కు చేరుతుంది. స్లేవ్ కడ్డీ ఫోర్కును నెడుతుంది. ఫోర్కు రిలీజ్ బేరింగును, బేరింగు ప్రెషర్ ప్లేటును నొక్కుతాయి. అప్పుడు క్లచ్ ప్లేటు పట్టు వదులుతుంది, గేరు మెత్తగా పడుతుంది. హైస్కూల్లో చదువుకున్న పాస్కల్ నియమమే ఇది. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అంతటా పాకుతుంది. ద్రవం నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. అందుకే పైపులో చిన్న బుడగ చేరినా కాలి శ్రమలో కొంత అక్కడే ఖర్చయిపోతుంది.

ఈ దారిని మనసులో ఒక్కసారి గీసుకోండి. కాలి దగ్గర బయల్దేరిన కదలిక ఎక్కడిదాకా వెళ్లి ఆగిపోయింది? వెతకాల్సింది అదొక్కటే.

మొదటి పరీక్షకు పానా కూడా అక్కర్లేదు. ఇంజను ఆపేసి గేర్లు వేసి చూడండి. అయిదూ, రివర్సూ మెత్తగా పడుతున్నాయా? అయితే గేర్‌బాక్సు జోలికి ఇప్పట్లో పోనక్కర్లేదు. ఇంజను నడుస్తున్నప్పుడు మాత్రమే మొరాయిస్తోందంటే క్లచ్ పూర్తిగా వదలడం లేదు. బావమరిది తీర్పు అర నిమిషంలో తేలిపోయింది. ఎదురింటాయన మాటా నిలవదు. ప్లేటు అరిగితే క్లచ్ జారుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తుంది గానీ బండి లాగదు. మన బండి బాధ దానికి పూర్తిగా ఎదురు. అక్కడ పట్టు చాలడం లేదు, ఇక్కడ పట్టు వదలడం లేదు. రెండింటినీ కలిపి “క్లచ్ పోయింది” అనేస్తే డబ్బు పోతుంది, జబ్బు ఉండిపోతుంది.

ఇదే పరీక్ష ఇంట్లో పెట్టి చూడండి. పదో తరగతి పిల్లాడికి లెక్కల్లో మార్కులు రావడం లేదు. “వాడికి లెక్కలు రావు” అని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. రెండు ట్యూషన్లు మారాయి. ఎవరూ చేయని పని ఒకటుంది. పరీక్షలో ఇచ్చినలాంటి ప్రశ్నపత్రమే ఇంకోటి ఇచ్చి, గడియారం తీసేసి, తాపీగా చేయమనాలి. అన్నీ చేసేశాడా? లెక్కలు వాడికొచ్చు, వేగమే రాదు. ఒక్కటీ చేయలేకపోయాడా? ఏ పాఠం దగ్గర ఆగాడో అక్కణ్నుంచి మొదలుపెట్టాలి. రెండు జబ్బులకూ ఒకే ట్యూషన్ మందు కాదు. ఏది నిజమో తెలియకుండానే తిట్లు మాత్రం వాడికి దండిగా అందాయి.

మళ్లీ బండి దగ్గరికి. రెండో పని మరీ చిన్నది, అందుకే ఎవరూ చేయరు. పెడల్ కింద మ్యాట్ చూడండి. మందపాటి మ్యాట్ మీద మరో మ్యాట్ వేసుకుని, అది ముడతపడి పెడల్ అడుగుదాకా దిగకుండా అడ్డుపడే బండ్లు ఉంటాయి. మ్యాట్ లాగేసి తొక్కి చూడటం నామోషీగా అనిపిస్తుంది. ఇంత పెద్ద సమస్యకు ఇంత చిన్న కారణమా అని మనసు ఒప్పుకోదు. ఒప్పించాలి. చవకైనదీ, తేలికైనదీ ముందు చూడాలి. ఈ వరస తప్పేది తెలియక కాదు, చాలాసార్లు అహం వల్ల.

ఇప్పుడు ఆయిల్ డబ్బా. మాస్టర్ సిలిండర్ మీద చిన్న తెల్ల డబ్బా ఉంటుంది. మట్టం తగ్గిందా? ఇక్కడ చాలామంది పోసేసి మూత బిగిస్తారు. “ప్లేటు అరిగింది కాబట్టి ఆయిల్ దిగింది” అని సమాధానపడతారు. డిస్క్ బ్రేకుల విషయంలో ఆ మాట చెల్లుతుంది, ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం కాస్త దిగుతుంది. క్లచ్‌లో అలా కుదరదు. ప్లేటు అరిగేకొద్దీ స్లేవ్ పిస్టన్ వెనక్కి జరుగుతుంది, ఆయిల్ డబ్బాలోకి తిరిగొస్తుంది. మట్టం పెరిగితే కాస్త పెరగాలిగానీ తగ్గకూడదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది, అంతే. కొన్ని బండ్లలో క్లచ్‌కూ బ్రేకులకూ ఒకటే డబ్బా. అలాంటి బండిలో మట్టం పడిపోతుంటే అది గేరు సమస్య కాదు, ప్రాణం సమస్య.

కారేది ఎక్కడ? రెండు చోట్ల చూడాలి. బండి లోపల పెడల్ పైభాగంలో కడ్డీ గోడలోకి దూరే చోట వేలు పెట్టి తడమండి. జిడ్డుగా తగిలితే మాస్టర్ సిలిండర్ వెనక రబ్బరు పోయింది. ఆ కింద రంగు పొక్కిపోయి రేకు కనిపిస్తుంటే ఇక అనుమానమే వద్దు, బ్రేక్ ఆయిల్ రంగును తినేస్తుంది. రెండోది బండి కింద. స్లేవ్ సిలిండర్ మూతికి ఒక రబ్బరు తొడుగు ఉంటుంది. దాని అంచు కొంచెం పైకి తీసి చూడండి. లోపల పొడిగా ఉందా, నల్లటి ఆయిల్ కారిందా? బయటికి ఏమీ కనిపించకపోయినా ఆ తొడుగు లోపల ఒక చెంచాడు దాగి ఉండొచ్చు.

ఈ బండిని తయారుచేసిన టయోటాలోనే ఈ వెతుకులాటకు ఒక పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన ఇంజనీరు ఉండేవాడు, తైచి ఓనో. టయోటా ఉత్పత్తి విధానం మీద 1978లో జపాన్‌లో వచ్చిన తన పుస్తకంలో ఒక ఉదాహరణ ఇచ్చాడు. యంత్రం ఆగిపోయింది. ఎందుకు? లోడు ఎక్కువై ఫ్యూజు పోయింది. లోడు ఎందుకు ఎక్కువైంది? బేరింగుకు నూనె చాల్లేదు. ఎందుకు చాల్లేదు? నూనె పంపు సరిగ్గా తోడటం లేదు. పంపుకేమైంది? ఇరుసు అరిగింది. ఇరుసు ఎందుకరిగింది? జల్లెడ లేక లోహపు రజను లోపలికి పోయింది. ఫ్యూజు మార్చి చేతులు దులుపుకునేవాడు కొన్నాళ్లకు మళ్లీ ఫ్యూజే మారుస్తాడు. కచ్చితంగా అయిదు ప్రశ్నలే ఉండాలన్న నియమమేమీ లేదు. క్లచ్‌కు రెండు మూడు చాలు. మట్టం ఎందుకు తగ్గింది? స్లేవ్ రబ్బరు కారుతోంది. రబ్బరు ఎందుకు పోయింది? సిలిండర్ లోపలి గోడ తుప్పుపట్టి గుంతలు పడింది. తుప్పు ఎందుకు? ఆయిల్ ఏళ్ల తరబడి మార్చలేదు.

ఆ చివరి జవాబు వెనక రసాయనశాస్త్రం ఉంది. డాట్ 3, డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155కు దిగిపోతుంది. పైగా ఆ తేమే లోపలి లోహాన్ని కొరుకుతుంది. అందుకే రబ్బరు కిట్టు మార్చేటప్పుడు సిలిండర్ లోపల గోరు పెట్టి నిమిరి చూడాలి. నున్నగా జారితే కిట్టు చాలు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే కిట్టు వృథా, గుంతల అంచు కొత్త రబ్బరును కూడా కోసేస్తుంది. సిలిండరే మార్చాలి.

నెలనెలా క్రెడిట్ కార్డు మీద కనీస మొత్తం కట్టి “ఈ నెల గండం గడిచింది” అనుకునేవాళ్లు మట్టం చూసి ఆయిల్ పోసే రకమే. పోసిన పూట బండి నడుస్తుంది. ఏ ఖర్చు దగ్గర కారుతోందో చూడటానికి మూడు నెలల స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టుకుని కూర్చోవాలి. ఒక సాయంత్రం పని. ఆ ఒక్క సాయంత్రాన్నే ఏళ్లతరబడి వాయిదా వేస్తాం.

ఇక అసలు చిక్కుముడి. మట్టం సరిగ్గానే ఉంది, చుక్క కారడం లేదు, అయినా గేరు పడటం లేదు. అప్పుడు పెడల్‌ను రెండు మూడుసార్లు గబగబా కొట్టి చూడండి. వెంటనే గేరు పడిందా? లోపల గాలి చేరి ఉండాలి, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు ఒత్తిడిని ఆపలేకపోతూ ఉండాలి. రెండోదాన్ని పట్టుకోవడానికి మంచి చోటు ట్రాఫిక్ సిగ్నల్. ఫస్ట్ గేరులో క్లచ్ పూర్తిగా నొక్కి, ఇంకో కాలు బ్రేకు మీద ఉంచి ఆగారు. పది సెకన్లు గడిచాక కాలు ఇంచు కూడా కదల్చకపోయినా బండి ముందుకు నెడుతున్నట్టు అనిపిస్తుంది. ఆయిల్ బయటికి పోవడం లేదు, అరిగిన రబ్బరు పక్కనుంచి జారి తిరిగి డబ్బాలోకే పోతోంది. మట్టం తగ్గదు, నేల తడవదు. పట్టి ఉంచితేనే బయటపడే జబ్బు ఇది.

ఈ దశలో డ్రైవర్ల నోట ఒక మాట వినిపిస్తుంది. “బండికేం సార్, బాగానే ఉంది. గేరుకి రెండుసార్లు కొట్టాలి, అంతే.” నాకు ఈ మాటంటే భయం. రెండుసార్లు కొట్టడం కాలికి అలవాటైపోయింది, లోపం కనిపించకుండా పోయింది. ఆయన సెలవు పెట్టిన రోజు కొత్త డ్రైవరు శ్రీశైలం ఘాట్‌లో మలుపు దగ్గర గేరు దించబోయి తెల్లమొహం వేస్తాడు. మన ఆఫీసుల్లో ఇలాంటి కొట్టుళ్లు ఎన్ని ఉంటాయో లెక్కేసుకోండి. “ఆయనకు రెండుసార్లు ఫోన్ చేస్తేగానీ ఫైలు కదలదు, అంతే.” “ఆ కంప్యూటర్ రెండుసార్లు ఆపి వేయాలి, అంతే.” ఆ చివరి ‘అంతే’ దగ్గర ఆగి ఎందుకని అడిగేవాడే ఆ ఆఫీసుకు పనికొచ్చేవాడు. మొదట్లో విసుక్కుంటారు, ఫరవాలేదు.

ఇంతవరకూ వచ్చాక అసలైన పరీక్ష పెట్టాలి. సమస్యను సగానికి కోసే పరీక్ష ఇది. ఇంజను ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. ఒట్టి జాకీని నమ్మి బండి కిందకు దూరకండి. ఒకరు పెడల్ నొక్కాలి, ఇంకొకరు స్లేవ్ కడ్డీ ఎంత కదులుతోందో చూడాలి. చాలా బండ్లలో సెంటీమీటరు, సెంటీమీటరున్నర దాకా కదులుతుంది. అసలు లెక్క ఆ బండి మాన్యువల్‌లో ఉంటుంది. కడ్డీ కదలిక చాలకపోతే లోపం పైన, అంటే మాస్టర్, పైపు, హోస్, స్లేవ్‌లలో ఎక్కడో ఉంది. అవన్నీ బయటి పనులు, గేర్‌బాక్సు దించే పనే లేదు. కడ్డీ నిండుగా కదిలినా గేరు పడటం లేదంటే లోపం లోపల ఉంది. వంగిన ఫోర్కో, పోయిన బేరింగో, దెబ్బతిన్న ప్రెషర్ ప్లేటో, వానాకాలమంతా కదలకుండా పడున్న బండిలో తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుపోయిన ప్లేటో. అప్పుడు మేస్త్రీ అన్నట్టు గేర్‌బాక్సు దించాల్సిందే. ఆయన మాట నిజం కావచ్చు. కాకపోతే ఇప్పుడది చూసి చెప్పిన మాట అవుతుంది. వందల్లో తేలే కిట్టుకూ వేలల్లో పోయే లేబరుకూ మధ్య ఉన్న తేడా ఎంతో, ఆ ఒక్క చూపు విలువ అంత.

ఏ గొడవనైనా ఇలా సగానికి కోయొచ్చు. ఇంటర్వ్యూలకు వెళ్తున్నారు, ఉద్యోగం రావడం లేదు. “నా టైమ్ బాగాలేదు” అనేముందు ఒక్కటి చూడండి. అసలు పిలుపులే రావడం లేదా, పిలిచాక తిప్పి పంపుతున్నారా? పిలుపులే లేకపోతే రెజ్యూమె దిద్దాలి, పంపే చోట్లు మార్చాలి. గది దాకా వెళ్లి వెనక్కి వస్తుంటే రెజ్యూమెను ఎన్నిసార్లు దిద్దినా లాభం లేదు, మాట్లాడటం సాధన చేయాలి.

పైపులో గాలి ఉందని తేలితే ఎయిర్ తీయాలి. ఇది ఇద్దరి పని. స్లేవ్ నిప్పిల్‌కు పారదర్శకంగా ఉండే సన్నటి ట్యూబు తొడిగి, రెండో కొస ఆయిల్ పోసిన సీసాలో ముంచుతారు. షెడ్డులో ఈ పని చూస్తే ముచ్చటేస్తుంది. కింద పడుకున్న మేస్త్రీ “తొక్కు” అంటాడు. పైనున్న కుర్రాడు “తొక్కానన్నా” అంటాడు. “పట్టుకో.” “పట్టానన్నా.” నిప్పిల్ వదులు చేస్తే ట్యూబులో బుడగలు బిలబిలమంటూ పోతాయి. మేస్త్రీ రింగు పానాతో బిగించి అప్పుడు “వదులు” అంటాడు. ఆ మాట రాకముందే కుర్రాడు కాలు తీశాడా, బయటికి పోయిన గాలి అదే దారిన లోపలికి వచ్చేస్తుంది. అప్పటిదాకా చేసిందంతా మళ్లీ మొదటికి. మధ్యమధ్యలో డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండాలి కూడా. బాగా చేసే జంటను గమనించండి, ఎదుటివాడు “ఆఁ” అన్నాడని ముందుకు పోరు. చేసిన పనిని పేరుపెట్టి తిరిగి చెప్పించుకుంటారు. మన ఆఫీసు ఫోన్లలో “అర్థమైందా?” “ఆఁ సార్” అన్నచోట ఎంత గాలి లోపలికి పోతోందో చెప్పనక్కర్లేదు.

మాస్టరూ, స్లేవూ, ప్లేటూ, బేరింగూ అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏమవుతుంది? బండి నడుస్తుంది. కానీ లోపం ఏదో మీకు తెలియదు, బాగున్న మూడు పార్టులు చెత్తలోకి పోయాయి, వచ్చేసారి మళ్లీ ఇదే గుడ్డి లెక్క. ఒక్కటి మార్చండి, చూడండి, తర్వాత రెండోది. పొద్దున వాకింగ్, అన్నం బదులు రొట్టె, ఏదో పొడి, ఇంకేదో కషాయం అన్నీ ఒకే సోమవారం మొదలుపెట్టినవాడికి షుగరు తగ్గినా దేనివల్ల తగ్గిందో తెలియదు. అయితే ఈ నియమానికి ఒక మినహాయింపు ఒప్పుకోవాలి. మాస్టర్ రబ్బర్లు వయసుతో పోయుంటే స్లేవ్ రబ్బర్ల వయసూ అంతే. పైన కొత్తది వేసి ఒత్తిడి పెరగ్గానే కింద పాతది కారడం మామూలు. ఆ రెండు కిట్లూ కలిపి మార్చేవాడిది అతి కాదు, అనుభవం.

సాయం చేయబోయి ముంచేవాళ్లూ ఉంటారు. డబ్బాలో ఆయిల్ తగ్గిందని చేతికందిన ఇంజన్ ఆయిల్ పోసేస్తారు. ఆ నూనె తగిలితే లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. ఆ తర్వాత రబ్బరున్న ప్రతి పార్టూ మార్చి, పైపులన్నీ కడగాలి. సిలికాన్‌తో చేసే డాట్ 5 కూడా మామూలు డాట్ 3, డాట్ 4లతో కలవదు. మూత మీద ఏం రాసుందో అదే పోయాలి, అదీ కొత్తగా తెరిచిన సీసాలోంచి.

చివరిగా మేస్త్రీతో మాట్లాడే తీరు. “క్లచ్ ప్లేటు మార్చు” అని వెళ్తే ఆయన ప్లేటే మారుస్తాడు, తప్పు ఆయనది కాదు. “ఇంజను ఆపితే గేర్లు పడుతున్నాయి, నడుస్తుంటే పడటం లేదు. రెండుసార్లు కొడితే పడుతున్నాయి. ఎక్కడా కారడం లేదు” అని చెప్పండి. విజయవాడ ఆటోనగర్‌లో అయినా, మీ వీధి చివర షెడ్డులో అయినా పని తెలిసిన మేస్త్రీ ఆ మూడు వాక్యాలు విని గేర్‌బాక్సు మాటెత్తడు, నేరుగా మాస్టర్ సిలిండర్ వైపు నడుస్తాడు. డాక్టరు దగ్గరా అంతే. యాంటీబయాటిక్ రాయమని అడక్కండి, జ్వరం ఎప్పుడొస్తోందో, ఎంత వస్తోందో చెప్పండి. గమనించింది చెప్పడం మీ వంతు, తీర్పు చెప్పడం ఆయన వంతు.

ఈ ఆదివారం ఒక పావుగంట తీసుకోండి. బానెట్ ఎత్తి క్లచ్ డబ్బాలో ఆయిల్ రంగు చూడండి. కొత్త ఆయిల్ లేత తేనె రంగులో ఉంటుంది. మీ డబ్బాలో ఉన్నది కాఫీ డికాషన్‌లా కనిపించినా, ఆఖరిసారి ఎప్పుడు మార్పించారో మీకు గుర్తు రాకపోయినా, గడువు దాటిందనే లెక్క. సోమవారం షెడ్డుకు తీసుకెళ్లండి.